దారాలత్త చెయ్యి తప్పిన మంగళవారం

దారాలత్త గురించి నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మా అమ్మ అంటుంది. మా అమ్మ బస్సు కండక్టరు. టిక్కెట్టు చూపించేదాకా ఎవరినీ నమ్మకపోవడం ఆవిడ వృత్తిధర్మం, కన్నకొడుకైనా సరే. నేను మాత్రం నిజాయితీగా ఒప్పుకుంటాను, అబద్ధం పావు వంతు మించదు. ఆ పావు కూడా కూరలో ఉప్పులాంటిది. లేకపోతే మీకే చప్పగా ఉంటుంది.

కాబట్టి పిల్లల ఆస్పత్రి ఫైళ్ళ గదిలో ఎలుకలు దారాలత్తని అడిగిగానీ కాగితం కొరికేవి కావంటే మీరు నమ్మక్కర్లేదు. కానీ ఒకసారి పైనుంచి నీళ్ళు కారి మూడొందల ఫైళ్ళ మీద పేర్లు చెరిగిపోతే, ఆవిడ ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి, "ఇది ఎక్స్‌రే గదిలో కుర్చీ విరగ్గొట్టినవాడిది, ఇది సూది చూసి డాక్టర్ని కరిచినదానిది" అంటూ సాయంత్రానికల్లా ఎక్కడివక్కడ సర్దేసిందంటే మాత్రం నమ్మండి. కరిచిన పిల్ల నాకు తెలుసు. పళ్ళు ఇప్పటికీ గట్టివే.

ఆ గది మెట్ల కింద ఉండేది. ఎవరు లోపలికి వెళ్ళినా నడుము వంచాల్సిందే. అత్త పొట్టి మనిషి గనుక నిటారుగా వెళ్ళేది. "ఈ ఆస్పత్రిలో తల వంచకుండా తిరిగేది నేనొక్కదాన్నే" అని చెప్పుకునేది. ఇనుప అరలు, కలరా ఉండల వాసన, మూడు మెట్ల నిచ్చెన, జాలీ కిటికీ. ఆ కిటికీలోంచి చీటీ ఇస్తే ఫైలు వచ్చేది. గోడకి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో రంగు దారం కండె. కళ్ళజోడుకి దారం, కత్తెరకి దారం, ఎడమ మణికట్టుకి నాలుగు చుట్ల దారం. ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన పెద్ద డాక్టరు కూడా "అత్తా" అనే పిలిచేవాడు. ఆస్పత్రి మొత్తానికి ఆవిడ అత్తే గానీ, కోడలు మాత్రం ఎవరూ లేరు. పెళ్ళే చేసుకోలేదు. "ఇన్ని వేల మంది పిల్లలకి లెక్క చెప్పాలి, ఇంకోడి లెక్క కూడానా" అనేది.

పంతొమ్మిదో ఏట ఊడవడానికి చేరింది. అప్పటి ఫైళ్ళ గుమాస్తా బదిలీ అయి వెళ్ళిపోయాడు, కొత్తవాడు రాలేదు. ఊడుస్తూ ఊడుస్తూనే ఆవిడ ఫైళ్ళు తీసివ్వడం మొదలుపెట్టింది. మూడు నెలలకి కొత్త గుమాస్తా వచ్చాడు గానీ, ఏ ఫైలు కావాలన్నా అతను ఆవిణ్ణే అడగాల్సి వచ్చేది. చివరికి ఆఫీసువాళ్ళు అతని చేతికి చీపురివ్వలేక, ఆవిడ చేతికి తాళంచెవి ఇచ్చారు. చదువు అయిదో తరగతి. నేను తొమ్మిదో తరగతిలో మానేశాను. అంటే ఆవిడకంటే నాలుగు తరగతులు ఎక్కువ చదివినవాణ్ణి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

అయిదో తరగతి చదువుతో డాక్టర్ల రాత ఎక్కడ అర్థమవుతుంది? బ్రహ్మరాతైనా ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, డాక్టరు రాత ఎప్పటికీ తెలియదు. అందుకని ఫైలు లోపల చదవడం వదిలేసి, బయట చదవడం నేర్చుకుంది. పద్ధతి చెప్తాను వినండి. కొత్త పిల్ల ఫైలుకి తెల్ల దారం కడుతుంది, కొస వేలాడేలా. ఆ ఫైలు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చినా, కొసకి ఒక ముడి. పిల్ల ఎన్నిసార్లు వచ్చిందో ముడులే చెప్తాయి. ఒక్కో పెద్ద జబ్బుకి వారంలో ఒక రోజు, ఆ రోజు ఒక లైను. జబ్బు పేరు తేలాక, ఏ లైనుకి చెందిన పిల్ల అయితే ఆ లైను ముద్ర అట్ట మీద పడుతుంది. అప్పుడు ఆ తెల్ల దారం కొసకే రంగు దారం కలుపుతుంది. చక్కెర జబ్బుకి నీలం, ఉబ్బసానికి ఆకుపచ్చ, మంగళవారం లైనుకి ఎరుపు. ఆ తర్వాతి ముడులన్నీ రంగు దారం మీదే. కాలం చేసిన పిల్లల ఫైలుకి దారం కొస వదలదు. అంతా చుట్టేసి, నిచ్చెనెక్కి పై అరలో పెడుతుంది.

మంగళవారం లైనంటే లూపస్ పిల్లల లైను. ఒంట్లో కాపలా కాయాల్సిన రక్తకణాలు సొంత ఒంటి మీదే పడతాయి. కంచే చేను మేస్తుందన్నమాట. కీళ్ళు, చర్మం, అన్నీ మేస్తుంది గానీ, దానికి ఎక్కువ ఇష్టమైన మేత కిడ్నీలు. ఆ లైనులో దాదాపు అందరూ ఆడపిల్లలే. ఎంతగా అంటే, టోకెన్ పుస్తకం అచ్చు వేయించేటప్పుడే "పాప" అని వేయించి, పక్కన నంబరుకి ఖాళీ వదిలారు. ఎప్పుడైనా మగపిల్లాడొస్తే కలంతో కొట్టేసేవారు. కలం దొరికితే.

ఇక నా సంగతి. పన్నెండేళ్ళప్పుడు నేను మా వీధి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్ని. బంతి నన్ను దాటి వెళ్ళాలంటే నా అనుమతి అడిగేది. ఒకసారి అడక్కుండా వెళ్ళబోయి సిగ్గుపడి వెనక్కి తిరిగింది. అమ్మ ఇక్కడ దగ్గుతోంది, పోనివ్వండి. అలాంటి నాకు మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. ఎముకల డాక్టరు, "ఎదిగే పిల్లాడు, ఎదుగుతున్నాడు" అన్నాడు. నేను పొంగిపోయాను. ముక్కుకి అటూ ఇటూ చెంపలు ఎర్రబడ్డాయి. చర్మం డాక్టరు, "ఎండలో ఆడితే ఇంతే" అన్నాడు. నోట్లో పుళ్ళు. పళ్ళ డాక్టరు, "ఆకుకూరలు తినవు కదూ" అన్నాడు, అదొక్కటే నిజం. పొద్దున్నే కళ్ళు ఉబ్బేవి. కళ్ళ డాక్టరు, "బాగా నిద్రపోతున్నట్టున్నాడు" అన్నాడు. మళ్ళీ ఎముకలు, మళ్ళీ చర్మం. అయిదు నెలలు ఆస్పత్రి వరండాలో గుండ్రంగా తిరిగాం. అమ్మ డ్యూటీలు మార్చుకుని మార్చుకుని, డిపోలో అందరికీ బాకీ పడింది.

"నీ ఒళ్ళేమైనా బస్సు రూటా, రోజుకో స్టాపులో దిగమంటున్నారు" అనేది.

ప్రతిసారీ నన్ను కిటికీ దగ్గరికి తోలేది, ఫైలు తెమ్మని. అలా అత్తకీ నాకూ స్నేహం. నేను ఆవిడకి నా గోల్‌కీపింగ్ కథలు చెప్పేవాణ్ణి. ఆవిడ వింటూ ముడులు వేసేది.

"ఇందులో నిజమెంత?" అని అడిగేది.

"ముప్పావు."

"మిగతా పావు ఎక్కడ దాచావు?"

"మీకోసం రేపటికి."

ఆ రోజుల్లోనే లెక్కల డాక్టరమ్మ దిగింది. పెద్ద డాక్టరు దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు. లూపస్ వచ్చిన మగపిల్లల కిడ్నీలు ఎలా ఉంటున్నాయి, ఆడపిల్లలవి ఎలా ఉంటున్నాయి, తేడా ఉందా అని లెక్క తీసి పెద్దల ముందు చదవాలి. మొదటిరోజే వచ్చి అత్తని అడిగిందట.

"అత్తా, లూపస్ ఫైళ్ళన్నీ కావాలి. ఎన్ని ఉంటాయో?"

"అరవై ఏడు. ఆడపిల్లలవి అరవై ఒకటి, మగపిల్లలవి ఆరు."

"చూడకుండానే ఎలా చెప్తున్నారు?"

"దారం కట్టింది నేనే కదమ్మా."

రెండు వారాలు ఆ గదిలో నేల మీద కూర్చుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఫైళ్ళన్నీ తిరగేసింది. లెక్క ముగిసిన రోజు నేను కిటికీ దగ్గరే ఉన్నాను, చీటీ పట్టుకుని. అది ఒక గురువారం. ఆస్పత్రికి అది పదకొండోసారి రావడం. ఎముకల డాక్టరుకి చూపించుకుని, మళ్ళీ రావాల్సిన తేదీ కోసం నిలబడ్డాను. ఆ తేదీ అయిదు వారాల తర్వాత.

డాక్టరమ్మ లేచి నడుం విరుచుకుంది. "అయిపోయిందత్తా. ఆరుగురు మగపిల్లల్లో నలుగురి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. ఆడపిల్లల్లో అంత లేదు. మగపిల్లల్లో ఈ జబ్బు స్వభావమే మొండిదని రాస్తున్నాను. బుధవారం సార్‌కి చూపించాలి."

అత్త కత్తెర కింద పెట్టింది. "ఎక్కణ్ణించి లెక్కపెట్టారమ్మా?"

"జబ్బు పేరు రాసిన రోజు నుంచి. అందరికీ ఒకటే గీత."

"అంటే ఎర్ర దారం నుంచి. మరి తెల్ల దారం?"

"అది జబ్బుకి ముందు కథ కదా."

"జబ్బుకి ముందుది కాదమ్మా, పేరుకి ముందుది. పేరు పెట్టేదాకా పిల్ల పుట్టనట్టేనా?"

డాక్టరమ్మ నవ్వింది గానీ చూపు గోడ గడియారం మీద ఉంది. "దారాలు కొలిచి రాస్తే నన్ను టైలరు అంటారత్తా" అని, కంప్యూటరు సంచిలో పెట్టుకుని, నడుము వంచి బయటికి వెళ్ళిపోయింది. నా పక్కనుంచే వెళ్ళింది. ఆవిడ వెతికిన జాతిలో ఏడోవాణ్ణి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "కొంచెం జరుగు బాబూ" అంది. జరిగాను.

అత్త మూతి బిగించి ఫైళ్ళు సర్దడం మొదలుపెట్టింది. అంతలో ఏమనుకుందో, "లోపలికి రారా కీపరూ. నీ వేళ్ళు చురుకు. ఆ ఆరు మగపిల్లల ఫైళ్ళకీ తెల్ల ముడులు ఎన్నెన్నో చెప్పు" అంది.

లెక్కపెట్టాను. తొమ్మిది. పది. తొమ్మిది. పదమూడు. పదకొండు. చివరిది పద్నాలుగు.

"ఇప్పుడు ఆడపిల్లలవి ఓ పది తియ్యి."

మూడు. నాలుగు. మూడు. రెండు. నాలుగు. అన్నీ అంతే. ఒక్కదానికి ఆరు.

"చూశావా? ఆడపిల్లకి చెంపలు ఎర్రబడితే డాక్టరుకి వెంటనే లూపస్ గుర్తొస్తుంది. మగపిల్లాడికి ఎర్రబడితే ఎండ గుర్తొస్తుంది" అంది అత్త.

అత్త అప్పుడే ముడి వేసి పెట్టిన నా ఫైలు దారం కూడా లెక్కపెట్టాను, ఊరికే, పోటీకి. "పదకొండు. నేనే గెలిచాను ముగ్గురి మీద. అత్తా, నేను ఏ జట్టు?"

అత్త నవ్వలేదు. నా తెల్ల దారం చూసింది. తర్వాత నా ముఖం చూసింది, దారం చూసినంతసేపు.

"ఒరేయ్, ఒంటేలుకి వెళ్తే నురగ వస్తుందా?"

ఇలాంటి ప్రశ్నకి గొప్పలు పోకుండా ఉండగలనా? "మామూలు నురగ కాదత్తా. సబ్బు సిగ్గుపడుతుంది. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి పనికొస్తుంది."

"ఇందులో నిజమెంత?"

"ఇది మొత్తం నిజమే" అన్నాను. నా జీవితంలో మొత్తం నిజం చెప్పిన మొదటిరోజు అదే.

అత్త ఆ పద్నాలుగు ముడుల ఫైలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పద్నాలుగు తెల్ల ముడుల తర్వాత మూడే ఎర్ర ముడులు. డాక్టరమ్మ లెక్క కోసం కిందికి దింపిన ఫైలు అది. అది ఉండే చోటు పై అర. నిచ్చెనెక్కి దాన్ని అక్కడ పెట్టి, వెంటనే దిగకుండా పై మెట్టు మీద కాసేపు నిలబడింది.

ఎందుకు నిలబడిందో నాకు తర్వాతెప్పుడో చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు అత్త ఒక పాప తల్లితో, "నాలుగు ముడులు పడ్డాయమ్మా, ఓసారి మంగళవారం లైనులో చూపించు" అందట. ఆ తల్లి వెళ్ళి ఎముకల డాక్టరు మీద విరుచుకుపడింది. పాపకి జబ్బు తేలింది గానీ, అత్తకి మెమో వచ్చింది. ఫైళ్ళ గది సిబ్బంది వైద్య సలహాలు ఇవ్వరాదు, మళ్ళీ ఇస్తే ఉద్యోగం ఉండదు అని. అత్త ఆ మెమోకి కూడా ఒక అట్ట వేసి, తెల్ల దారం కట్టి, ఒక ముడి వేసి దాచుకుంది. ఆ తర్వాతే వచ్చాడు ఈ పద్నాలుగు ముడులవాడు. ఎనిమిదో ముడి దగ్గరే ఆవిడకి అనుమానం. మెమో గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ఇప్పుడు నేను. మళ్ళీ రావాల్సింది అయిదు వారాలకి, అదీ ఎముకల దగ్గరికే. మంగళవారం లైనుకి వెళ్ళాలంటే ఎముకల డాక్టరు చీటీ రాయాలి. ఆయన రాయడు, నేను ఎదుగుతున్నాను కదా. అత్త చెప్పకూడదు.

నిచ్చెన దిగి వచ్చి నా చీటీ తీసుకుని, దాని మీద తేదీ వేసి ఇచ్చింది.

"ఎల్లుండి దాటాక వచ్చే మంగళవారం. పొద్దున్నే రండి. అమ్మకి చెప్పు, తేదీ మారిందని."

"ఎముకల డాక్టరు మంగళవారం ఉండడు కదత్తా?"

"నాకంటే నీకు ఎక్కువ తెలుసా? అయిదో తరగతి చదివాను."

ఆ మంగళవారం వరండా బెంచీల నిండా ఆడపిల్లలు. టోకెన్ చీటీ పట్టుకుని నేనూ అమ్మా మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాం. నా పక్కన పదమూడేళ్ళ పిల్ల, మోకాళ్ళ దాకా ఒంటిజడ. నాలుగేళ్ళుగా వస్తోందట, లైనుకి తనే మొనగత్తె.

"తప్పు బెంచీ ఎక్కావు" అంది.

"నేనెక్కితే అదే రైటు బెంచీ" అన్నాను.

"అలాగా. మరి నీ జడేది?"

"ఇంట్లో మర్చిపోయాను."

బెంచీ బెంచీ అంతా నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది, కండక్టర్లకి పరాయి జట్టు లేదు. ఇంతలో తలుపు దగ్గర పిలిచే ఆయన, అందరూ గంటాయన అంటారు, గొంతే గంట కాబట్టి, టోకెన్ చూసి అరిచాడు.

"పాప ఇరవై మూడు."

ఎవరూ లేవలేదు. నా చేతిలో చీటీ చూశాను. ఇరవై మూడు.

"పాప ఇరవై మూడు. లేకపోతే ఇరవై నాలుగు పిలుస్తాను."

అమ్మ లేచింది. "అయ్యా, మావాడు పాప కాదు."

"చీటీలో పాప అనే ఉందమ్మా. నేను చీటీ ప్రకారమే పిలుస్తాను. కావాలంటే బయటే ఉండండి."

నేను తల దించుకుని బెంచీకి అతుక్కుపోయాను. ఒంటిజడ మోచేత్తో పొడిచింది. "వెళ్ళవే పాపా, సిగ్గెందుకు." నాకు ఇంటికి పారిపోవాలనిపించింది. అమ్మ నా మెడపట్టి లేపింది.

"లే. టిక్కెట్టు ఏ పేరు మీదుంటే ఏం, సీటుందిగా. ముందుకు జరుగు."

లోపల పెద్ద డాక్టరు, పక్కన కుర్చీలో లెక్కల డాక్టరమ్మ. ఆయన ఫైలు తెరిచి, రెండు పేజీలు తిప్పి, కళ్ళజోడు పైకి జరిపాడు.

"ఇది ఎముకల వాళ్ళది. ఇక్కడికెలా వచ్చింది? అత్తని పిలవండి."

అత్త వచ్చింది. ఆ గది గుమ్మం ఎత్తుగానే ఉంటుంది. అయినా మొదటిసారి కాస్త తల వంచుకుని వచ్చినట్టు నాకు అనిపించింది.

"ఏంటత్తా ఇది?"

"చెయ్యి తప్పింది సార్."

"ఇరవై ఆరేళ్ళలో నీ చెయ్యి ఒక్కసారైనా తప్పడం నేను చూళ్ళేదే."

"అన్నేళ్ళు తప్పకపోవడమే తప్పు సార్."

ఆయన కలం తీశాడు, వెనక్కి పంపమని రాయడానికి. నాకు తెలుసు, ఎముకలకి వెనక్కంటే అయిదు వారాలు. అమ్మ అప్పుడే చేయి చాపింది, ఫైలు అందుకోవడానికి.

"పంపేయండి సార్. నేను ఏమీ చెప్పకూడదు, నాకు మెమో ఉంది. పంపే ముందు ఆ ముడులు మాత్రం ఓసారి లెక్కపెట్టండి" అంది అత్త.

పెద్ద డాక్టరుకి అర్థం కాలేదు. అర్థమైంది లెక్కల డాక్టరమ్మకి. దారం కొస పట్టుకుని వేళ్ళతో లెక్కపెట్టింది, పెదాలు కదిలిస్తూ, ఒకటో తరగతి పిల్లలా. పదకొండు దగ్గర ఆగింది. అంతా తెలుపే. లేచి నా దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకుని చెంపలు వెలుగులోకి తిప్పింది. నోరు తెరవమంది. వంగి, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు. అందరం దాన్ని చూశాం, అది మమ్మల్ని చూసింది.

"సార్, మూత్రం పరీక్ష చేయిద్దాం. ఇప్పుడే."

పరీక్ష గొట్టంలో నా నురగ నా మాట నిలబెట్టింది. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీనంతా బయటికి పోతోంది. రక్తం తీశారు. నాలుగు రోజుల తర్వాత వీపులోంచి సూది పోనిచ్చి కిడ్నీలోంచి చీమతలంత ముక్క తీశారు. నేను ఏడవలేదు. గట్టిగా పాడాను, అది ఏడుపులా వినిపించిందంతే. లూపస్. రెండు కిడ్నీల్లోనూ మంట. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే మంట ఆరాక మిగిలేది మచ్చలేనని, మచ్చ పడిన కిడ్నీ తిరిగి రాదని పెద్ద డాక్టరు చెప్పాడు.

అమ్మ అడిగింది, "మగపిల్లాడికి ఆడపిల్లల జబ్బేంటి సార్?"

"ఇది ఆడపిల్లలదని జబ్బుకి ఎవరూ చెప్పలేదమ్మా. మేమే అనుకుంటాం. ఆడపిల్లలకి చాలా ఎక్కువగా వస్తుంది, నిజమే. అలాగని మగపిల్లల్ని చూసి దారి తప్పుకుని పోదు."

అమ్మ మా వీధిలో ఆ మాటని బస్టాండు గొంతుతో అందరికీ చెప్పింది. నేను కొన్నాళ్ళు గుమ్మం దాటలేదు. మాత్రలకి ముఖం పున్నమి చందమామంత ఉబ్బింది. మళ్ళీ గోలు ముందు నిలబడితే సగం గోలు ముఖమే కప్పేసేది. బళ్ళో ఆ ముఖం మీద పేర్లు పెట్టారు, నేను వాళ్ళకి అంతకంటే మంచి పేర్లు పెట్టాను. మంగళవారాలన్నీ ఆస్పత్రి తినేస్తుంటే రెండేళ్ళు తొమ్మిదో తరగతిలోనే కూర్చుని, బడికే విసుగొచ్చిందని బయటికొచ్చేశాను. ఇప్పుడు షాపుల బోర్డులు రాస్తాను. నా అక్షరాలు చూసి కొనేవాళ్ళు షాపులోపలికి వెళ్ళడం మర్చిపోతారు.

లెక్కల డాక్టరమ్మ బుధవారం తన లెక్క చూపించలేదు. మళ్ళీ నేల మీద కూర్చుని మొదటి తెల్ల ముడి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఏడుగురు మగపిల్లలం. తొందరగా పేరు తేలిన ఆడపిల్లలకీ ఆలస్యంగా తేలిన మగపిల్లలకీ మధ్య కనిపించిన తేడాలో పెద్ద ముక్క ఆ ఆలస్యానిదే అయి ఉండొచ్చని రాసింది. మిగిలినది ఒంటి తేడానో కాదో ఏడుగురిని పట్టుకుని తేల్చలేమని కూడా రాసింది. ఒంటిజడ ఫైలు చూపించి అత్తే ఆ మాట అనిపించిందని నా అనుమానం. ఒంటిజడ జబ్బు మూడు ముడులకే దొరికింది, అయినా ఒక కిడ్నీ మొండికేసింది. దారం పొట్టిదైనంత మాత్రాన జబ్బు మంచిది కాదు. "తెలియదని రాయడానికి ఇంత చదువు కావాలా" అని నేను అడిగితే, "దానికే కావాలిరా. తెలుసని చెప్పడానికి నీ చదువు చాలు" అంది డాక్టరమ్మ.

ఆఫీసు ఊరుకుంటుందా? ఎముకల ఫైలు మంగళవారం కట్టలో ఎలా చేరిందో సంజాయిషీ ఇమ్మని అత్తకి కాగితం వచ్చింది. ఆవిడ నాచేత రాయించింది, ఏడో తరగతి చేతిరాతతో. "చెయ్యి తప్పింది. మళ్ళీ తప్పే సూచనలు ఉన్నాయి." రెండో వాక్యం వద్దన్నాను, ఉద్యోగం పోతుందని. "రాయరా, నీ పావు వంతు ఇందులో లేదు" అంది. ఆ కాగితం ఆఫీసుకి పోయేముందు పెద్ద డాక్టరు బల్ల మీదికి వెళ్ళింది. ఆయన కింద ఒక గీత గీసి రాశాడు, "ఆడైనా మగైనా అయిదు ముడులు దాటిన తెల్ల దారం ఫైలు దగ్గర అత్త చెయ్యి తప్పవచ్చు. సంతకం." అత్త ఆ కాగితాన్ని పాత మెమో అట్టలోనే పెట్టి, రెండో ముడి వేసింది. ఆ తర్వాత ఆవిడ చెయ్యి నెలకి నాలుగైదుసార్లు తప్పేది. అన్నిసార్లూ గురి కుదరలేదు. ఒకడికి నిజంగానే ఎదుగుదల నొప్పులు. వాడు ఇప్పుడు ఆరడుగులు, ఆ గదిలోకి వెళ్ళాలంటే పాకాలి.

నా టోకెన్ మీద "పాప" మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. మీసం మొలిచింది, గొంతు మారింది. గంటాయన "పాప" అని పిలిస్తే నేను లేచేవాణ్ణి, కొత్తగా వచ్చిన తల్లులు ఉలిక్కిపడేవారు. ఒంటిజడ పెద్దాస్పత్రికి మారే రోజున లైను మొనగాడి పదవి నాకు అప్పగించి వెళ్ళింది. తర్వాతెప్పుడో ఒక తొమ్మిదేళ్ళవాడు బెంచీ మీద ముడుచుకుని, "ఇది అమ్మాయిల లైను, నేను రాను" అని ఏడుస్తుంటే, నేను వాడికి చెప్పాను, ఇక్కడ మగపిల్లల్ని ఊరికే రానివ్వరు, బంతి అనుమతి అడిగేంత గొప్పవాళ్ళనే రానిస్తారని. వాడు నమ్మాడు. వాడి ఫైలుకి తెల్ల ముడులు ఆరు.

పద్దెనిమిది నిండాక నన్నూ పెద్దాస్పత్రికి పంపేశారు. ఆఖరి రోజు పెద్ద డాక్టరు నా రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూసి, "రెండూ పనిచేస్తున్నాయి. ఉప్పు తగ్గించు, గొప్పలు తగ్గించకు" అన్నాడు. అత్త ఎర్ర దారానికి చివరి ముడి వేసింది. తెల్లవి పదకొండు, ఎర్రవి ఎనభై ఆరు. దారం నేల మీద ఈడుస్తోంది.

"అక్కడ అంతా కంప్యూటర్లట కదరా. ముడులెవరు వేస్తారు?" అంది, ఎర్ర కండెలోంచి ఒక బారెడు కత్తిరించి నా జేబులో కుక్కుతూ.

పెద్దాస్పత్రి మొదటిరోజు కూడా అమ్మ వచ్చింది, డ్యూటీ మార్చుకుని. కిటికీ వెనక కుర్రాడు నా పాత కాగితాలు చూసి కంప్యూటర్లో ఎక్కించి, తలెత్తి నా మీసం చూశాడు. మళ్ళీ కంప్యూటరు చూశాడు.

"సార్, ఇందులో స్త్రీ అని వచ్చింది. పాత ఆస్పత్రివాళ్ళు తప్పు వేసినట్టున్నారు. మారుస్తానుండండి."

"ఉంచండి. ఆ తప్పు పడబట్టే నా కిడ్నీలు దొరికాయి" అన్నాను.

వెనకనుంచి అమ్మ అందుకుంది. "వాడి మాటలు పట్టించుకోకు నాయనా, మార్చెయ్. రేపు తీసుకెళ్ళి కాన్పుల వార్డులో పడుకోబెడతారు."

కుర్రాడు మార్చాడు. కొత్త కాగితాల కట్ట నా చేతికిచ్చాడు, మూలకి ఇనుప పిన్ను కొట్టి. నేను జేబులోంచి ఎర్ర దారం తీసి, ఆ మూలకి కట్టి, కొసకి ఒక ముడి వేశాను. అమ్మ చూసింది. చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. ముసలాళ్ళ దగ్గర టిక్కెట్టు లేకపోతే కూడా బస్సులో అలాగే మొహం తిప్పుకుంటుంది.